బల్లల యొద్ద పరిచర్య

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1–7



విశ్వాసి వారములో ఏడు దినములు కలవు. వాటిలో ఒక దినము ఆలయమునకు చెందినది. తక్కిన ఆరును అంగడికిని, కార్యాలయమునకును, కర్మాగారమునకును, ఆసుపత్రికిని, పాఠశాలకును చెందినవి. ఆదివారమున మనము విను ప్రసంగములు ఎక్కువగా ఆ ఒక్క దినమును గూర్చియే యుండుటచేత, మిగిలిన ఆరు దినముల పని దేవుని దృష్టికి రాని పనియని పలువురు తలంచుచున్నారు. అయితే బ్యాంకు కిటికీ వెనుక కూర్చుండు గుమాస్తా, బట్టల కొట్టులో గుడ్డ కొలిచి చింపు పనివాడు, ఆసుపత్రిలో చీట్లు వ్రాయు సోదరి, దూరదేశపు వాడుకదారునితో ఫోనులో మాటలాడు యువకుడు, పదిమందితో కలిసి వంతెన నిర్మించు ఇంజనీరు, వీరందరును తమ జీవితములోని శ్రేష్ఠమైన గంటలను ఇద్దరు మనుష్యుల నడుమ గడుపుచున్నారు. సేవ కోరి యెదుట నిలుచువాడు ఒకడు. పనిలో పాలుపంచుకొనుచు ప్రక్కన నిలుచువాడు మరియొకడు.

ఎదుటివానిని ఎట్లు ఆదరింపవలెను? ప్రక్కవానితో ఎట్లు కలిసి పనిచేయవలెను? ఈ కాలపు వ్యాపార విద్యాలయములు ఈ రెండు ప్రశ్నలకు పెద్ద పుస్తకములే వ్రాసియున్నవి. వాటిని మనము తృణీకరింప నక్కరలేదు. కాని ఆదిమ సంఘ చరిత్రలో ఏడు వచనముల చిన్న భాగము ఒకటి ఈ రెండు ప్రశ్నలకును ఒక్కచోటనే ఉత్తరమిచ్చుచున్నది. దానిని ప్రార్థనాపూర్వకముగా ధ్యానింతము.

1. సణుగు వినబడినప్పుడు

యెరూషలేములోని సంఘము దినదినము వృద్ధి పొందుచుండెను. అనుదినము బీదలకు ఆహారము పంచిపెట్టబడుచుండెను. అంతలో ఒక సణుగు పుట్టెను. గ్రీకుభాష మాటలాడు యూదులలోని విధవరాండ్రు ఆ పంపకములో విడిచిపెట్టబడుచున్నారనియు, హెబ్రీ మాటలాడువారి విధవరాండ్రకు మాత్రము సరిగా అందుచున్నదనియు ఆ సణుగు యొక్క సారాంశము.

ఇచ్చట కొన్ని సంగతులు గమనింపదగియున్నవి. ఆ లోపము కావలెనని చేసినదని గ్రంథము చెప్పుటలేదు. పని పెరిగినది, చేయువారు పెరుగలేదు. భాష తెలిసినవారు ముందుగా కనబడిరి, తెలియనివారు వెనుకబడిరి. నేడును అంగళ్లలోను కార్యాలయములలోను జరుగు అన్యాయములలో అధికభాగము ఇట్టిదే. ద్వేషముచేత కాదు గాని, అలవాటుచేతను అలసటచేతను మనుష్యులు విడిచిపెట్టబడుచున్నారు. వ్రాయనేరని ముసలమ్మ చేతిలో ఫారము పట్టుకొని గంటసేపు నిలిచియుండును. ఆమె ప్రక్కగానే చదువుకొన్నవాడు చొరవతో వచ్చి, పని ముగించుకొని పోవును. ఆమెను ఎవరును తిట్టలేదు, తరిమివేయలేదు. అయినను ఆమె విడిచిపెట్టబడినది.

ఇంకొక సంగతి: సణిగినవారు ఆ విధవరాండ్రు కారు, వారి పక్షమున ఇతరులు సణిగిరి. నోరులేనివారు సాధారణముగా ఫిర్యాదు చేయరు. వారు మౌనముగా తిరిగిపోవుదురు, మరల రారు. ఒకడు వచ్చి మన బల్ల మీద చేయి కొట్టి కోపపడుచున్నాడనగా, వానివలెనే నష్టపోయి నోరు మెదపక పోయినవారు వాని వెనుక మరికొందరు ఉండవచ్చును. కావున ఫిర్యాదు చేయువాడు మనకు శత్రువు కాడు. మౌనముగా పోయినవారి వార్తను తెచ్చిన దూత అతడే.

అపొస్తలులు ఏమి చేసిరి? సణుగువారిని గద్దింపలేదు. అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగినప్పుడు దేవుని కోపము రగులుకొనెను గదా యని ఆ పాత సంగతిని వీరిపై ప్రయోగింపలేదు. ఏలయనగా అవిశ్వాసపు సణుగు వేరు, ఆకలిగొన్నవారి పక్షమున చేయు మొర వేరు. ఈ రెంటికిని భేదమెరిగిన నాయకుడు ధన్యుడు. వారు ఎవరిది తప్పు అని విచారణ జరుపుచు కాలము గడపలేదు. శిష్యుల సమూహమంతటిని పిలిపించిరి. కొరతను అందరియెదుట ఒప్పుకొనిరి. ఆ కొరత తీరు మార్గమును ఏర్పరచిరి.

2. బల్ల యనగా నేమి?

ఈ భాగములో బల్లల యొద్ద పరిచర్య చేయుటను గూర్చి అపొస్తలులు మాటలాడిరి. అచ్చట వాడబడిన గ్రీకు పదము 'త్రపెజ'. భోజనపు బల్లకు ఆ మాటయే; సొమ్ము మార్చువారి బల్లకును ఆ మాటయే. నేటికిని గ్రీసు దేశములో బ్యాంకును ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ఈ భాగములోని బల్ల భోజనమునకు సంబంధించినదే కావచ్చును. కాని రొట్టె పెట్టు బల్లయు రూకలు లెక్కించు బల్లయు ఒకే పేరు ధరించుట మనకు ఆలోచన పుట్టింపవలెను. మన యెదుట నున్న బల్ల ఏదైనను, దానికి ఆవల నిలిచినవాడు దేవుని స్వరూపమందు చేయబడినవాడే.

ధర్మశాస్త్రము ఈ బల్లను మరువలేదు. సంచిలో పెద్దదొకటి చిన్నదొకటిగా రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. కొనునప్పుడు పెద్దరాయి, అమ్మునప్పుడు చిన్నరాయి వాడుట ఆ నాటి మోసము. నేడు రాళ్లు మారినవి గాని మనస్సు మారలేదు. తెలిసినవానికి ఒక మర్యాద, తెలియనివానికి మరియొకటి. కారులో వచ్చినవానికి కుర్చీ, కాలినడకను వచ్చినవానికి గుమ్మము. అమ్మువరకు తీయని మాట, అమ్మిన తరువాత మారుముఖము. ఇవి యన్నియు సంచిలోని రెండు రాళ్లే.

పదిహేడవ శతాబ్దములో ఇంగ్లండునందు జార్జి ఫాక్సు ననుసరించిన స్నేహితుల సమాజమువారు (క్వేకర్లనబడువారు) ఈ విషయమై ఒక నిశ్చయము చేసికొనిరి. ఆ దినములలో అంగడివాడు ఎక్కువ అడుగుటయు, కొనువాడు తక్కువ అడుగుటయు, ఇద్దరును అబద్ధములాడి నడుమ నెక్కడనో కలిసికొనుటయు వాడుక. ఈ సమాజపు వర్తకులు ఒకే ధర చెప్పి, ఆ ధరకే అందరికిని అమ్మసాగిరి. మొదట జనులు వారిని విడిచిపోయిరి, వ్యాపారము సన్నగిల్లెను. పిమ్మట వారి మాట నమ్మదగినదని గ్రహించి, ఒక చిన్నబిడ్డను పంపినను మోసపోవునను భయములేదని ఊరివారే వారిని వెదకుకొనుచు వచ్చిరి. మొదట నష్టము వచ్చెను, తరువాత నమ్మకము కుదిరెను. ఈ వరుసను మనము మరువరాదు. నమ్మకమనునది ప్రకటనల వలన కొనబడునది కాదు; నష్టమునకు ఓర్చుకొన్న దినములలో సంపాదింపబడునది.

మన దేశములో 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. దానికి రాష్ట్రపతి యామోదము లభించిన డిసెంబరు 24వ తేదీని జాతీయ వినియోగదారుల దినముగా పాటించుచున్నాము. దాని స్థానములో 2019 నాటి క్రొత్త చట్టము 2020లో అమలులోనికి వచ్చినది. ఇది మంచిదే. అయితే చట్టము మనము దిగజారకూడని హద్దును మాత్రమే చూపగలదు. ఎక్కవలసిన మెట్లను అది చూపలేదు. ఒక మైలు బలవంతపెట్టినవానితో రెండు మైళ్లు నడువుమని చెప్పిన ప్రభువు ఆ మెట్లను చూపుచున్నాడు.

దానికి దృష్టాంతముగా రిబ్కాను చూడుడి. ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము సేవకుడు బావియొద్ద ఆమెను కొంచెము నీళ్లు మాత్రమే అడిగెను. ఆమె అతనికి త్రాగనిచ్చి, అతని ఒంటెలకును నీళ్లు చేదిపోసెదనని తానై చెప్పెను. ఆ ఒంటెలు పది. దూరప్రయాణము చేసివచ్చి దప్పిగొన్న ఒంటె ఒక్కటే వంద లీటర్లకు పైగా త్రాగగలదు. అట్టివి పది త్రాగి చాలించువరకు ఆ చిన్నది ఎన్నిమార్లు దిగి, ఎన్నిమార్లు ఎక్కి, ఎన్ని కడవలు మోసియుండునో లెక్కించుకొనుడి! ఆమెకు అతడెవరో తెలియదు. అతని సంచిలోని బంగారము తెలియదు. తన జీవితము ఆ సాయంకాలమున మలుపు తిరుగుచున్నదని అసలే తెలియదు. దప్పిగొన్న బాటసారి యొకడు, అడుగనేరని మూగజీవములు పది, ఇంతమాత్రమే ఆమెకు కనబడినవి. నోరుతెరచి అడిగినదానిని ఇచ్చుట మర్యాద. అడుగలేనివాని అవసరమును కనిపెట్టి తీర్చుట ప్రేమ.

3. ఏడుగురు ఏర్పరచబడుట

ఇక ప్రక్కవానిని గూర్చి చూతము. పని పెరిగినప్పుడు అపొస్తలులు తామే అన్నియు చేయుదుమని పంతము పట్టలేదు. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా, అతని మామయైన యిత్రో చూచి, ఇది మంచి పద్ధతి కాదని నిర్మొగమాటముగా చెప్పెను. అట్లు చేసినచో మోషేయు నలుగును, ప్రజలును నలుగుదురు. ఒంటరిగా అన్నియు చేయు నాయకుడు తన్ను తాను త్యాగశీలుడనుకొనును. వాని వాకిట వరుసలో నిలిచి అలసినవారిని అడిగిచూడుడి, వారేమందురో!

యిత్రో వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమింపుమనెను. వారు సమర్థులై, దేవునికి భయపడువారై, సత్యవంతులై, లంచమును అసహ్యించుకొనువారై యుండవలెను. అపొస్తలులును ఏడుగురియందు మంచిపేరును, ఆత్మపూర్ణతను, జ్ఞానమును కోరిరి. గమనించితిరా? రొట్టెలు పంచుట కొరకు ఆత్మపూర్ణులు కావలసివచ్చిరి! లెక్క వచ్చినవాడు చాలడా యని మనమందుము. చాలడు. లెక్క మాత్రమే వచ్చినవాడు రొట్టెలను చూచును గాని విధవరాలిని చూడడు. అట్లని ఆత్మపూర్ణుడని చెప్పి లెక్క రానివానికి ఖజానా అప్పగించుటయు ఒప్పు కాదు. జ్ఞానము కూడ కావలెనని వారు చెప్పిరి. గుణమును నేర్పును రెండును కావలెను. మన సంఘములలోను సంస్థలలోను ఎన్నో పనులు చెడుటకు కారణమేమి? కొందరు గుణమును విడిచి నేర్పును చూచుచున్నారు. కొందరు నేర్పును విడిచి బంధుత్వమును చూచుచున్నారు.

ఎన్నుకొనబడినవారి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. వీరిలో నీకొలాసు అంతియొకయనుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. ఎవరి విధవరాండ్రు విడిచిపెట్టబడిరో, వారి భాష యెరిగినవారి చేతులలోనే ఆ సంఘము పంపకమును పెట్టినట్లు కనబడుచున్నది. ఇది అద్భుతమైన సంగతి కాదా? నష్టపోయినవాని బాధ యెరిగినవానిని పని నిర్ణయించు చోట కూర్చుండబెట్టుట కంటె మంచి ఉపాయము లేదు. స్త్రీల వార్డు గూర్చి నిర్ణయించు సమితిలో స్త్రీ యుండవలెను. పల్లెవారి కొరకు చేయు పనిలో పల్లె యెరిగినవాడు ఉండవలెను.

అటుపిమ్మట అపొస్తలులు ప్రార్థనచేసి వారిమీద చేతులుంచిరి. అనగా పనితోకూడ అధికారమును ఇచ్చిరి. పని అప్పగించి అధికారము దాచుకొనుట, ఒకని చేతికి కడవనిచ్చి త్రాడు మన యొద్ద ఉంచుకొనుట వంటిది. నీళ్లు రాలేదని వానినే నిందింతుము!

4. గోడ కట్టినవారు

కలిసి పనిచేయుటను గూర్చి నెహెమ్యా గ్రంథము కంటె మంచి పాఠశాల అరుదు. అతడు యెరూషలేము చేరి మూడు దినములు ఊరకుండెను. పిమ్మట రాత్రివేళ కొందరితో మాత్రమే పోయి, పడిపోయిన ప్రాకారమును కన్నులార పరిశీలించెను. ఆ తరువాతనే జనులను పిలిచెను. అతడు తెలిసికొని మాటలాడెను, మాటలాడి తెలిసికొనలేదు.

మూడవ అధ్యాయము పేర్ల పట్టిక యని మనము సాధారణముగా దాటిపోవుదుము. అది దాటదగిన అధ్యాయము కాదు. ప్రధానయాజకుడు ఎల్యాషీబు ఇటుకల మధ్య నిలిచెను. కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు గోడ కట్టిరి. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ కట్టెను. పలువురు తమ తమ ఇండ్లకు ఎదురుగా నున్న భాగమును కట్టిరి. తన పిల్లలు నిద్రించు ఇంటి యెదుటి గోడను ఎవడు అజాగ్రత్తగా కట్టును? ఎవరి భాగము ఎచ్చట ముగియునో, ఎవరిది ఎచ్చట మొదలగునో స్పష్టముగా నుండెను. తెకోవ ఊరి ఘనులు మాత్రము పనికి మెడ వంచలేదు. అయినను అదే ఊరి సామాన్య జనులు తమ భాగము ముగించి, రెండవ భాగమును కూడ కట్టిరి. ఇద్దరి సంగతియు గ్రంథములో నిలిచినది! మన అధికారి వ్రాయకపోయినను, వ్రాయువాడొకడు కలడని ఎరుగుడి.

అయిదవ అధ్యాయములో పని నడుచుచుండగానే బీదల మొర వినబడెను: స్వజనులే వడ్డీ పట్టుచున్నారు, పొలములు తాకట్టు పడినవి, బిడ్డలు దాసులగుచున్నారు. గోడ ముగిసిన తరువాత చూతమని నెహెమ్యా చెప్పలేదు. లోపల మనుష్యులు నలుగుచుండగా బయట గోడ లేచి ప్రయోజనమేమి? అతడు సభ కూర్చి, ఆ వడ్డీని మాన్పించి, పొలములు తిరిగి ఇప్పించెను. ఆ గోడ 52 దినములలో ముగిసెను. నేటి సంస్థలు తమ పని గడువు దగ్గరపడినదని పనివారి కన్నీరును వాయిదా వేయుచున్నవి. గడువు ముఖ్యమే, కాని మనుష్యులను విరిచి కట్టిన కట్టడము నిలుచునా?

5. శ్రీరాంపూరులోని ముగ్గురు

మన దేశ క్రైస్తవ చరిత్రలో ఇందుకు మంచి దృష్టాంతము శ్రీరాంపూరు. 1800 సంవత్సరపు ఆరంభమున, కలకత్తాకు ఎగువ హుగ్లీ తీరమున డేనిష్ వారి అధీనములో నున్న ఆ పట్టణములో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ కుటుంబములు ఒక్కచోట కాపురముండిరి. కేరీ చెప్పులు కుట్టినవాడు, భాషలయందు దిట్ట, మార్ష్‌మన్ ఉపాధ్యాయుడు, వార్డ్ అచ్చుపని నేర్చి పత్రికలు నడిపినవాడు. ఒకని పని మరియొకడు చేయలేడు; ఒకడు లేనిదే మరియొకని పని సాగదు. హన్నా మార్ష్‌మన్ పాఠశాల నడిపి, పెద్ద కుటుంబమును సమకూర్చెను. తెల్లవారు మాత్రమే ఆ పని చేయలేదు. పంచానన్ కర్మకార్ అను బెంగాలీ శిల్పి అక్షరముల అచ్చులు చెక్కి, తన విద్యను మనోహర్‌కు నేర్పకపోయినయెడల ఆ ముద్రణాలయము మూగదై యుండును.

వారు ఎట్లు కలిసియుండిరి? ఇంటి యాజమాన్యమును నెలకొకరు వంతున వహించిరి. సంపాదన నంతయు ఉమ్మడి నిధిలో వేసిరి. 1801లో కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో అధ్యాపకుడైనప్పుడు ఆ జీతమును ఆ నిధికే చేరెను. అన్నిటికంటె ముఖ్యమైనది: శనివారపు సాయంకాలమును వారు ఒక పనికి ప్రత్యేకించిరి. ఆ వారములో ఒకరిమీద ఒకరికి కలిగిన మనస్పర్థలను అప్పుడు బయటపెట్టి, సరిచేసికొని, ప్రేమతో నడుచుకొందుమని మరల మాట ఇచ్చుకొనిరి. ఆదివారపు ఆరాధనకు ముందటి రాత్రి! నీ సహోదరునికి నీమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినయెడల అర్పణము విడిచి వెళ్లి సమాధానపడుమన్న ప్రభువు మాటకు ఇది చక్కని ఆచరణ.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున ఆ ముద్రణాలయము కాలిపోయెను. కాగితములు, అచ్చు అక్షరములు, ఎన్నో వ్రాతప్రతులు బూడిదయయ్యెను. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు ప్రతియు అందులో నుండెను. కేరీ ఆ రాత్రి కలకత్తాలో నుండగా, మరునాడు మార్ష్‌మన్ పోయి ఆ వార్త చెప్పవలసివచ్చెను. అయితే యంత్రములు దక్కెను. అక్షరములకు మూలమైన ఉక్కు ముద్రలు శిథిలములలో దొరికెను. కరిగిన లోహముతోనే క్రొత్త అక్షరములు పోసిరి. 1814లో తెలుగు వ్యాకరణము వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యెను. నిప్పు ఎవరి అజాగ్రత్తయో యని ఒకరినొకరు నిందించుకొనుచు కూర్చుండిన ఇంటివారు అట్టి పని చేయగలరా? పన్నెండేండ్ల శనివారపు సాయంకాలములు ఆ ఒక్క రాత్రికి వారిని సిద్ధపరచియుండెను.

అయినను మనము చరిత్రను సగము చెప్పరాదు. పిమ్మట ఇంగ్లండునుండి వచ్చిన యువకులతో వారికి పొసగలేదు. 1818లో వారు కలకత్తాలో వేరుగా పని సాగించిరి. 1827లో స్వదేశపు సంఘముతోనే శ్రీరాంపూరువారికి తెగతెంపులాయెను. ఆస్తి ఎవరిది, అధికారము ఎవరిది అను ప్రశ్నలు అందులో నుండెను. ముగ్గురి నడుమ నిలిచిన ఐక్యత తరువాతివారికి దానంతట అదే సంక్రమింపలేదు. జట్టులోనికి క్రొత్తగా వచ్చినవాడు పాతవారి శనివారములను ఎరుగడు. కావున ప్రతి తరమును, ప్రతి క్రొత్త సభ్యుడును ప్రేమను మొదటినుండి అభ్యసింపవలెను.

6. రెండు కఠినమైన ప్రశ్నలు

మొదటిది: పై అధికారి మోసము చేయుమని ఆజ్ఞాపించినప్పుడు ఏమి చేయవలెను? లక్ష్యము పూర్తిచేయుట కొరకు, పింఛను సొమ్ము డిపాజిట్టు చేయవచ్చిన వృద్ధునికి, అతనికి అర్థముకాని దీర్ఘకాలపు బీమా పథకమును డిపాజిట్టేయని చెప్పి అంటగట్టవలెనని ఒక యువకునికి ఆజ్ఞ వచ్చినదనుకొనుడి. ఇది ఊహామాత్రము కాదు. ఇట్టి బాధతో నలుగు క్రైస్తవ యువజనులు మన సంఘములలో కలరు.

దానియేలు మొదటి అధ్యాయము మనకు దారి చూపుచున్నది. అతడు తన్ను అపవిత్రపరచుకొనకూడదని ముందుగా హృదయములో నిశ్చయించుకొనెను. పిమ్మట కేకలు వేయక, అధికారిని వినయముతో వేడుకొనెను. ఆ అధికారి భయమును అర్థము చేసికొనెను. పది దినములు పరీక్షించి చూడుమని మరియొక మార్గమును చూపెను. ఆ యువకుడును అట్లే చేయవచ్చును: సత్యము చెప్పి అమ్ముటకు నాకు కొంత గడువిమ్మని అడుగవచ్చును, మోసముచేత వచ్చిన వాడుకదారుడు మరల రాడని చూపవచ్చును. అధికారి వినినయెడల మంచిది. వినకపోయినయెడల? పదోన్నతి పోవచ్చును, ఉద్యోగమే పోవచ్చును. సత్యవంతునికి ఈ లోకములో లాభమే కలుగునని నేను మీకు వాగ్దానము చేయజాలను; గ్రంథమును అట్లు చేయుటలేదు. యోసేపు నమ్మకముగా నుండినందుననే చెరసాలకు పోయెను. అయితే యెహోవా అతనికి తోడైయుండెనని ఆ అధ్యాయమే సాక్ష్యమిచ్చుచున్నది. అట్టి యువకుడు ఒంటరిగా ఆ భారము మోయకుండ చూచుట సంఘము విధి. ఉద్యోగము నిలుపుకొన్నవాని కొరకు కృతజ్ఞతారాధనలు జరుపు మనము, మనస్సాక్షి కొరకు ఉద్యోగము పోగొట్టుకొన్నవాని ఇంటికి బియ్యపు బస్తా పంపుచున్నామా?

రెండవది: ప్రక్కవాడు పని చేయనప్పుడు, లేక చెరుపునప్పుడు ఏమి చేయవలెను? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు క్రమము నేర్పెను: మొదట వానితో ఒంటరిగా మాటలాడవలెను, విననియెడల ఒకరిద్దరిని తోడు తీసికొని పోవలెను, ఆ తరువాతనే అందరికి తెలుపవలెను. మనము ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాము. మొదట అందరికి చెప్పుదుము, పిమ్మట అధికారికి వ్రాయుదుము, కట్టకడపట వానికి తెలియును! కొన్నిసార్లు విడిపోవుటయే సంభవింపవచ్చును. మార్కు విషయమై పౌలును బర్నబాయు వేరైరి. కాని ఏండ్లు గడచిన పిమ్మట అదే మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరుడని పౌలు తిమోతికి వ్రాసెను. ఒకప్పుడు పనికిరాడని మనము పంపివేసినవాని విషయమై తలుపు మూయవచ్చును గాని గడియ వేయరాదు.

7. ఫలము

మన పాఠ్యభాగపు ముగింపు చూడుడి. బల్లలు సరిచేయబడిన తరువాత దేవుని వాక్యము ప్రబలెను. శిష్యుల సంఖ్య విస్తరించెను. యాజకులలో అనేకులు విశ్వాసమునకు లోబడిరి. రొట్టె సరిగా పంచబడుటకును వాక్యము వ్యాపించుటకును సంబంధము లేదని చెప్పువారు ఈ ఏడవ వచనమును మరల చదువుదురు గాక. ఆ ఏడుగురిలో స్తెఫను మొదటి హతసాక్షియాయెను. ఫిలిప్పు సమరయకు సువార్త కొనిపోయెను. బల్లయొద్ద నమ్మకముగా నిలిచినవారే అటుపిమ్మట గొప్ప సాక్షులైరి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ సంవత్సరము మనలో ప్రతివాడును మూడు చిన్న సంగతులను అభ్యసింతము. ఉదయమున మన బల్లయొద్ద కూర్చుండకమునుపు, ఆ దినము మన యెదుటికి రానున్న వారందరి కొరకు, ముఖ్యముగా మాటలాడనేరని వారి కొరకు, ఒక నిమిషము ప్రార్థింతము. ఎవరైన ఫిర్యాదు చేసినప్పుడు, ఉత్తరమిచ్చుటకు ముందు వారి మాట పూర్తిగా విందము. శనివారపు సాయంకాలమున, ఆ వారములో మనసు నొచ్చిన తోటిపనివానితో సమాధానపడకుండ ఆదివారములోనికి ప్రవేశింపకుందము.

ప్రభువైన యేసు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. వారిలో ఒకడు అప్పగించువాడనియు, ఒకడు బొంకువాడనియు ఎరిగియే కడిగెను. ఆయన జట్టులో లోపములేనివాడు ఒక్కడును లేడు. ఆయన పరిచర్యకు తగినవాడు ఒక్కడును లేడు. అయినను ఆయన పళ్లెములో నీళ్లు పోసెను. మన బల్లకు ఆవల నిలిచినవానికిని, ఈవల మనతో నిలిచినవానికిని మనము చేయు పరిచర్య ఆ తువాలు అంచునుండియే ప్రారంభమగుచున్నది.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మా చేతిపనిని నీవు చూచుచున్నావు. మా త్రాసును, మా నాలుకను, మా ఓర్పును పవిత్రపరచుము. మేము చూడక విడిచిపెట్టినవారిని మాకు చూపుము. మాతో పనిచేయువారిని ప్రేమించుటకు నేర్పుము. సత్యము కొరకు నష్టపోవుచున్న వారిని బలపరచి, వారికి తోడుగా నిలుచు ధైర్యమును మాకు దయచేయుము. సేవింపబడుటకు గాక సేవచేయుటకు వచ్చిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.